సగం గడ్డం బాబాయి

వీధి మలుపులో సెలూను నడిపే బాబాయికి ఒక్కటే జబ్బు. వాడిన పువ్వు కంటపడితే చేతిలో కత్తెర ఊరుకోదు. సగం గడ్డం గీస్తూ గీస్తూ ఎదురింటి గోడమీద ఎండిన గులాబీ కనబడితే, "ఇప్పుడే వస్తానండీ" అని వీధి దాటేసేవాడు. నురుగు మొహాలతో కూర్చున్నవాళ్ళు అదే పేపరు మళ్ళీ మొదటినుంచి చదువుకునేవాళ్ళు. పోస్టుమాస్టరుగారైతే ఒకరోజు విసిగిపోయి, సగం గడ్డంతోనే ఆఫీసుకు పోయి, మిగతా సగానికి సాయంత్రం వచ్చారు.

"వాడింది వదిలేస్తే మొక్క గింజ కట్టే పనిలో పడుతుందండీ, ఇక మొగ్గ తొడగదు" అనేవాడు బాబాయి. ఆయన క్షమాపణ అంతే.

ఆ కత్తెర ఓడిపోయింది ఒక్క గుమ్మం దగ్గర. అక్కడ బట్టలు కుట్టే అమ్మాయి ఒక్కతే ఉండేది. మెట్టుమీద చామంతి కుండీ వాళ్ళమ్మ పెంచింది. అమ్మ పోయిన వారానికి పూలు గోధుమరంగు తిరిగి తలలు వాల్చేశాయి. బాబాయి అలవాటుగా వంగాడు.

"అవి అమ్మ చూసిన పూలు బాబాయ్. ముట్టుకోకు" అంది ఆమె మిషను దగ్గరనుంచే. మొక్క చచ్చిపోతుందని ఆయన నసిగితే, పోతే పోనీ అంది.

మర్నాటినుంచి ఆ ఇంటి ముందు ఆయన గొడుగు అడ్డం పెట్టుకుని నడిచాడు. ఎండా లేదు, వానా లేదు. రెండుసార్లు కరెంటు స్తంభాన్ని గుద్దుకున్నాడు. వీధంతా నవ్వింది, ఆమె తప్ప. ఆ నెల ఆమె మిషను కదల్లేదు. కత్తిరించిన జాకెట్లు కత్తిరించినట్టే పడి ఉన్నాయి. మొక్కకు నీళ్ళు పొయ్యాలన్న ధ్యాసే లేదు. రోజూ పొద్దున తలుపు తీసేసరికి గుమ్మం ముందు గోనెపట్టా మాత్రం తడిసి ఉండేది. కుక్క పనేననుకుని, తిట్టుకుంటూ ఉతికి ఆరేసేది.

ఒక తెల్లవారుజామున చప్పుడై తలుపు తీసింది. మెట్టు దగ్గర బాబాయి, చేతిలో సెలూను మగ్గు. కళ్ళు గట్టిగా మూసుకుని పోస్తున్నాడు, సగం కుండీలో, సగం పట్టామీద.

"ఏంటి బాబాయ్ ఇది?"

"కళ్ళు తెరిస్తే కత్తిరించేస్తానే తల్లీ. నా చేతిమీద నాకు నమ్మకం లేదు" అన్నాడు, తెరవకుండానే. "అడుగున పిలకలు వచ్చినట్టున్నాయి. తడిమి చూశా, నాలుగు తగిలాయి."

నెల తర్వాత మొదటిసారి ఆమె కుండీ ముందు కూర్చుంది. ఎండుకాడల మొదట్లో, మట్టిని అంటుకుని, లేత ఆకులు.

"ఆరు" అంది.

పాత కాడల నీడలో వాటికి ఎండ అందదన్నాడు ఆయన. "కత్తెర ఇలా ఇవ్వు" అని ఆమె చెయ్యి చాపింది. ఆయన జేబులోంచి కత్తెర తీసి ఇచ్చాడు. ఒక్కొక్క కాడా కోసి, ఎండిన పూలను అమ్మ గుండీల డబ్బాలో పెట్టుకుంది.

"ఇంక కళ్ళు తెరువు బాబాయ్."

తెరిచాడు. కుండీని ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ చూశాడు. వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. ఎడమ పక్క కాడ ఒకటి అంగుళం ఎక్కువే మిగిలింది.

ఆమె కత్తెర తిరిగి ఆయన చేతిలో పెట్టి, "దాన్ని నీకోసమే వదిలా" అంది.

ఏ పెళ్ళికొడుకు గడ్డానికీ పడనంత శ్రద్ధపడి, బాబాయి ఆ అంగుళం తీశాడు.