యోమ్ కిప్పుర్ నాడు నా ఉపవాసం

ఉపవాసమంటే మా ఇంట్లో అన్నం తినకపోవడం. అంతే. పొద్దున్నే కాఫీ ఉంటుంది, మధ్యాహ్నం ఉప్మా ఉంటుంది, మధ్యలో అరటిపళ్ళూ పాలూ సరేసరి. నా ఏకాదశి చూసి మావారు, "వారమంతా ఉపవాసాలే ఉండవే, కాస్త ఒళ్ళు చేస్తావు" అని ఏడిపించేవారు. "నవ్వితే నవ్వండి, పుణ్యం మటుకు నాదే" అనేదాన్ని.

ఆ తెలివితేటలతోనే అమెరికా వచ్చాను. డెబ్భైల చివర్లో ఎడిసన్ అనే ఊళ్ళో ఒక ముసలావిడ ఇంట్లో పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. కింది వాటాలో ఆవిడ. వాళ్ళు యూదులు. ఆవిడకి డెబ్భై దాటాయి, గుండె జబ్బు కూడా ఉంది. ఆ వేసవిలోనే భర్త పోయాడు.

వాళ్ళకి ఏడాదికొకసారి యోమ్ కిప్పుర్ అని పెద్ద ఉపవాసం వస్తుంది. చేసిన తప్పులు ఒప్పుకుని దేవుణ్ణి క్షమించమని అడిగే రోజు. ముందురోజు పొద్దుగూకినప్పటి నుంచి మర్నాడు చీకటి పడేదాకా. ఆ ఏడు ముందురోజు మధ్యాహ్నం ఆవిడ మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. పక్కన ఆయన లేకుండా రోజంతా ఆ మందిరంలో ఒక్కదాన్నీ ఎలా కూర్చోను అని.

నాకు ప్రాణం ఉసూరుమంది. "నేనొస్తాను మీతో. ఉపవాసం కూడా ఉంటాను, నాకలవాటే" అన్నాను.

"నీళ్ళు కూడా తాగకూడదు, తెలుసా?"

"తెలుసు" అన్నాను. ఏం తెలుసు నా మొహం! "పచ్చి గంగ ముట్టలేదమ్మా" అంటూనే రెండో గ్లాసు కాఫీ తాగే ఆడవాళ్ళ మధ్య పెరిగినదాన్ని. ఈవిడ మాటా అలాంటిదే అనుకున్నాను. గుండె మాత్రలు మాత్రం నీళ్ళతో వేసుకోవచ్చని డాక్టరూ, వాళ్ళ మతగురువు రబ్బీ కూడా ఆవిడకి చెప్పారట. సరేనందిట.

మర్నాడు స్నానం చేసి, అలవాటు ప్రకారం కాఫీ తాగి, తెల్లచీర కట్టుకుని కిందికి దిగాను. ఆవిడా తెల్లబట్టలే. తోలు చెప్పులు పనికిరావని కాన్వాస్ బూట్లు వేసుకుంది. చెయ్యి పట్టుకుని నాలుగు వీధులు నడిపించాను. మందిరంలో పుస్తకానికి ఒక పక్క వాళ్ళ భాష, ఇంకో పక్క ఇంగ్లీషు. తప్పులు ఒక్కొక్కటే చదువుతూ అందరూ పిడికిలితో గుండెల మీద కొట్టుకుంటున్నారు. మనం చెంపలు వేసుకున్నట్టే కదా అని నేనూ కొట్టుకున్నాను.

మధ్యాహ్నం విరామంలో ఆవిడ నన్ను అందరికీ చూపించింది. "మన మతం కాదు. అయినా నాకోసం నిన్నటినుంచి చుక్క నీళ్ళు ముట్టలేదీ పిల్ల!" ముసలమ్మలు వరసగా వచ్చి బుగ్గలు ముద్దు పెట్టుకున్నారు. ఒకావిడ, "నాకు నాలుక పిడచకట్టుకుపోతోంది, నీకెలా ఉందమ్మా?" అంది. వరండాలో మంచినీళ్ళ కుళాయి ఉంది. దాని దగ్గరికి ఒక్కరూ పోవడం లేదు. అప్పటికి నాకు బోధపడింది.

అక్కడే చెప్పెయ్యాల్సింది. "పర్వాలేదండీ" అన్నాను. మావారి దగ్గర వదిలొచ్చిన మా బాబుని చూసి వస్తానని ఇంటికి వచ్చి, ఎలాగూ పొద్దున్నే చెడింది కదా అని ఉప్మా కూడా తిన్నాను.

"అదేమిటే, ఆవిడకి ప్రామిస్ చేశావుగా?" అన్నారు మావారు.

"ఆవిడకేం తెలుస్తుంది? మీరు ఊరుకోండి." నోరు పుక్కిలించుకుని వెనక్కి వెళ్ళాను.

ఆవిడ మొహం పాలిపోయి ఉంది. మాత్రల డబ్బీ చేతిలో పట్టుకుని కూర్చుంది.

"వేసుకోండి, నీళ్ళు తెస్తాను" అన్నాను.

"ఊహూఁ. ఉండాల్సిన పనే లేని నువ్వే ఉండగలిగితే నాకేం రోగం?" అని డబ్బీ సంచీలో పడేసింది.

నేను తిన్నానండీ. రెండే మాటలు. నాలుక చివరిదాకా వచ్చాయి. వెనక వరసలోంచి ఇందాక పలకరించిన ముసలమ్మ నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది. ఇంకెంత, రెండు మూడు గంటలేగా అనుకున్నాను. ఛీ, ఎంత పాపిష్టిదాన్ని!

చివరి ప్రార్థనకి గ్రంథాల బీరువా తలుపులు తెరిచి ఉంచుతారు. అందరూ నిలబడే ఉండాలి. ఆవిడ నా భుజం పట్టుకుని లేచింది. కాసేపటికి ఆ పట్టు వదిలిపోయింది. పట్టుకునే లోపే కింద కూలిపోయింది.

ఆంబులెన్స్‌లో నేనే వెళ్ళాను. ఆసుపత్రిలో డాక్టరు, "మాత్రలెందుకు వేసుకోలేదు?" అని నన్నడిగాడు. "ఉపవాసం" అన్నాను. ఎవరి ఉపవాసమో చెప్పలేదు. వరండాలో కూర్చుని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.

గండం గడిచిందన్నారు. లోపలికి పంపారు. ఆవిడ కళ్ళు తెరిచి, "చీకటి పడిందా?" అంది. పడిందన్నాను. నర్సు ఆపిల్ జ్యూస్ గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఆవిడ పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. గ్లాసు అందుకుని నా వైపు జరిపింది.

"ముందు నువ్వు తాగు. నా మూలంగా కడుపు మాడ్చుకున్నావు."

"వద్దండీ, మీరు తాగండి."

"నువ్వు తాగితేగానీ నేను ముట్టను."

గ్లాసు తీసుకున్నాను. నిజంగా దాహంతో ఉన్నదానిలా గడగడా తాగాను. ఆఖరి చుక్కదాకా ఆవిడ నన్నే చూస్తూ ఉండి, అప్పుడు నర్సుని తనకింకో గ్లాసు అడిగింది.