నాన్న చదివిన చవితి కథ

నేను అమెరికా ఆర్మీలో చేరుతున్నానని చెప్పిన రోజు నాన్న తింటున్న అన్నం వదిలేసి లేచిపోయాడు. ఫ్రీమాంట్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్ళంతా పిల్లలకి ఏ కాలేజీలో సీటొచ్చిందో చెప్పుకుంటున్న రోజులవి. అప్పటినుంచి ఆయన నాతో మాట్లాడలేదు. ఎవరైనా అంకుల్ అడిగితే మాత్రం "ఈస్ట్ కోస్ట్‌లో చదువుకుంటోంది" అని చెప్పేవాడట. మాట్లాడకపోవడం కన్నా ఆ అబద్ధమే నన్ను ఎక్కువ మండించింది. దాచిపెట్టడానికి నేనేం దొంగతనం చేశానని?

సైనికులు మెడలో వేసుకునే రేకు బిళ్ళ మీద పేరుతో పాటు మతం కూడా కొడతారు. కాగితాలు నింపుతున్న సార్జెంట్ ఆ గడి ఖాళీగా వదిలెయ్యమన్నాడు, పని త్వరగా అయిపోతుందని. నేను వదల్లేదు. హిందూ అని రాయించాకే కుర్చీలోంచి లేచాను. నాన్న నన్ను వద్దనుకుంటే అనుకోనీ, ఆయన నేర్పిన దేవుణ్ణి మాత్రం ఆయనకి వాపసు ఇచ్చే ప్రసక్తే లేదు.

ఆ మరుసటి ఏడు వినాయక చవితికి నేను అఫ్ఘానిస్తాన్‌లో ట్రక్కులు రిపేరు చేస్తున్నాను. కథ వినకుండా చవితి చంద్రుణ్ణి చూస్తే లేనిపోని నింద పడుతుందంటారు కదా. నవ్వేవాళ్ళు నవ్వండి, నేను నమ్ముతాను. అక్కడ నింద అంటే ఇరుగుపొరుగు గుసగుసలు కావు. నేను బిగించిన బోల్టు ఊడితే బండిలో కూర్చున్నవాళ్ళు ఇంటికి వెళ్ళరు.

చిక్కల్లా టైముతోనే. మాకూ ఇంటికీ పదకొండున్నర గంటల తేడా. ఇంట్లో పొద్దున పదకొండింటికి తీరిగ్గా పూజ మొదలుపెట్టేసరికి నాకు రాత్రి పదిన్నరవుతుంది, అప్పటికే చంద్రుణ్ణి చూసేసి ఉంటాను. రెండు రోజుల ముందే అమ్మకి ఫోన్ చేసి, పొద్దున్నే లేచి నాకోసం కథ చదవమన్నాను.

"మనింట్లో కథ చదివేది మీ నాన్న. నేనెలా చదువుతాను?" అంది.

"అయితే వద్దులే. ఆయన్ని మాత్రం నేను బతిమాలను."

"నిన్ను బతిమాలమన్నానా? ఆ వేళకి ఫోన్ చెయ్యి, చాలు."

చవితి రోజు భోజనాల దగ్గర వంటాయన్ని అడిగి గుప్పెడు బియ్యం తెచ్చుకున్నాను. జలుబుకి పనికొస్తుందని అమ్మ పంపిన పసుపు అందులో కలిపాను. సిగ్నల్ దొరికేది డేరా బయట, ఇసుక బస్తాల పక్కన. రాకెట్ దాడుల భయంతో ఆ వారమంతా బయట అడుగుపెడితే హెల్మెట్ ఉండాల్సిందే. పొద్దు వాలుతుండగా ఫోన్ కలిసింది. ఇంట్లో ఇంకా ఉదయం ఆరున్నరే. పూజ గంట మోగింది, తర్వాత నాన్న గొంతు. సెలవు రోజు ఎనిమిదైనా దుప్పటి తియ్యని మనిషి స్నానం కూడా చేసేసి కూర్చున్నాడు. నన్ను పలకరించకుండానే కథ ఎత్తుకున్నాడు.

చిన్నప్పుడు ఉండ్రాళ్ళ మీద మనసుండి నేను రెండేసి పేజీలు కలిపి తిప్పేసేదాన్ని. ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆ రోజు మాత్రం ఒక్క ముక్క వదల్లేదు. అదే సాగదీత, మధ్యలో అదే గొంతు సవరింపు. వింటుంటే ఇల్లు కావాలనిపించింది. ఆ హాలు, కుక్కర్ కూతలు, అమ్మ తిట్లు, అన్నీ కావాలనిపించాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అయినా ఆయన అడిగినా సారీ చెప్పకూడదని గట్టిగానే అనుకున్నాను. నేను తప్పు చెయ్యలేదు.

కథ అయిపోయింది. ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను.

"అక్షింతలు నెత్తిన వేసుకున్నావా?" అన్నాడు. ఏడాదిన్నర తర్వాత నాతో అన్న మొదటి మాట అదే.

"హెల్మెట్ ఉంది నాన్నా."

"ఒక్క నిమిషం తియ్యి."

"తియ్యను. ఇక్కడ తియ్యకూడదు."

మళ్ళీ మొదటికొచ్చిందనుకుని ఫోన్ పెట్టెయ్యబోయాను. గుప్పిట్లో బియ్యం చెమటకి తడుస్తోంది.

"అయితే హెల్మెట్ మీదే వెయ్యి తల్లీ," అన్నాడు. "అది మాత్రం తియ్యకు. ఎవరు చెప్పినా తియ్యకు. నేను చెప్పినా తియ్యకు."