పన్నెండు ఎం.ఎం. పడక

మాచర్ల లాడ్జిలో గుమస్తా నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "తోడెవరూ లేరా మేడమ్? ఒంటరి ఆడోళ్లకు రూమ్ ఇవ్వం" అన్నాడు. యాభై దాటినదాన్ని. ఆసుపత్రి ల్యాబులో ఏళ్ల తరబడి ఊరందరి రక్తం పరీక్షిస్తున్నదాన్ని. నాకు తోడు లేదన్న సంగతి తనే కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడేసరికి ఒళ్లు మండిపోయింది. ఎత్తిపోతల జలపాతం చూడకుండానే కారు తిప్పుకుని మా నరసరావుపేట వచ్చేశాను. ఆ తర్వాత ఏ లాడ్జికి ఫోన్ చేసినా "ఇద్దరం వస్తాం" అనేదాన్ని. తీరా వెళ్లాక మళ్లీ అదే గొడవ. చివరికి విసుగెత్తి, కారు వెనక తగిలించుకునే చిన్న గది ఒకటి నేనే కట్టుకుందామనుకున్నాను.

కింద ఇనుప చట్రం ట్రాక్టర్ ట్రక్కులు కట్టే షెడ్డులో చేయించాను. బొమ్మ గీసి చేతిలో పెట్టినా వెల్డింగ్ ఆయనది ఒకటే ప్రశ్న, "ఎన్ని టిక్కీలు ఎక్కించాల?" టిక్కీ అంటే మిర్చి బస్తా. మా పల్నాడులో చక్రాలున్నదేదైనా మిర్చి మోయాల్సిందే మరి. నేనూ నా పరుపూ తప్ప ఏమీ ఎక్కవని ఎంత మొత్తుకున్నా వినకుండా, మిర్చి యార్డుకి తోలేంత ఇనుము వేసి పెట్టాడు. నా చిన్న కారు దాన్ని లాగాలంటే ఇక చెక్క దగ్గరే బరువు తగ్గించుకోవాలి.

ప్లైవుడ్ కొట్టులో నేల, గోడల సంగతి తొందరగానే తేలింది. పేచీ అంతా పడక దగ్గరే వచ్చింది. దాని కింద నీళ్ల క్యాన్లు, స్టవ్వు పెట్టుకోవాలి కాబట్టి నడిమిన ఆధారం ఉండదు, చెక్క రెండు పక్కల అంచుల మీదే నిలవాలి. పన్నెండు ఎం.ఎం. మందం అయితే తేలిక. పద్దెనిమిది అయితే గట్టిది, బరువూ ఎక్కువే.

"ఎంతమంది పడుకుంటారు మేడమ్?" అన్నాడు కొట్టాయన.

"ఇద్దరం," అన్నాను. ఆ మాట నోటికి అలవాటైపోయింది.

"అయితే సార్‌ని గూడా రమ్మనండి. మా కాడ మంచానికి చెక్క తీసుకుంటే, పడుకునేటోళ్లే ఎక్కి కూచుని చూసుకోవాల."

ఏ సార్‌ని రమ్మనను? "ఆయన ఇప్పుడు రాలేరు" అని గొణిగాను. అప్పుడే కొట్టాయన భార్య అన్నం క్యారియర్ తీసుకుని వచ్చింది. సంగతి విని, "దానికేముందక్కా, నేను కూచుంటాలే" అని నన్ను చెక్క మీద కూర్చోబెట్టి, బుర్ఖా సర్దుకుంటూ తనూ నా పక్కన ఎక్కేసింది.

రెండు స్టూళ్ల మీద పరిచిన పన్నెండు ఎం.ఎం. చెక్క నడిమికి వంగింది. ఇద్దరం జారి ఒకరికొకరం ఆనుకున్నాం. ఆమె భుజం నా భుజానికి వెచ్చగా తగిలింది. ఆమె పక్కకి జరగలేదు. "చూడక్కా, ఎట్టా ఒకచోటికి చేర్చిందో!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మనిషి నన్ను ఆనుకుని కూర్చుని ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. ల్యాబులో రోజంతా చేతులు పట్టుకుంటాను, గ్లౌజులు వేసుకుని.

తర్వాత పద్దెనిమిది వేశారు. అది అరుగులా కదలకుండా ఉంది. ఇద్దరి మధ్యా జానెడు ఖాళీ అలాగే మిగిలింది.

"ఇదే తీసుకోండి. ఇద్దరికైతే పన్నెండు చానా రోజులు ఆగదు," అన్నాడాయన.

"ఇద్దరం కాదు," అన్నాను. "పడుకునేది నేనొక్కదాన్నే."

ఆయన తల వంచుకుని టేపు చుట్టుకున్నాడు. ఆమె మాత్రం నా పక్క నుంచి లేవలేదు. "ఒక్కదానివైతే పన్నెండు చాలక్కా," అంది మెల్లగా.

బండి పూర్తయ్యాక మొదటిసారి కొండవీడు కొండ కిందకి తీసుకెళ్లాను. రూమ్ ఇవ్వనని అనేవాళ్లు అక్కడెవరూ లేరు. మధ్యాహ్నం ఎండకి నీడ చూసి ఆపి, లోపలికెళ్లి నడుం వాల్చాను. ఇంట్లో డబుల్ కాట్ మీద పడుకున్నట్టే ఓ పక్కకి, అంచు దగ్గర. పన్నెండు ఎం.ఎం. చెక్క కొద్దిగా వంగి నన్ను నడిమికి జార్చింది. అక్కడ ఎవరి భుజమూ తగల్లేదు. చాలాసేపు ఆ ఖాళీ పక్కకే తిరిగి పడుకున్నాను.