సున్నం పడిన పాకం

కరోనా తెరిపిచ్చిన మరుసటి సంవత్సరం వేసవిలో, పదవీ విరమణకు ఇంకా కొద్దికాలం ఉందనగా జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను బళ్ళారి జిల్లాలో, తుంగభద్ర కాలువల కింద ఉన్న ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీలో చీఫ్ కెమిస్టుని. చెరకు క్రషింగ్ ముగిసింది. మిల్లు విప్పి మరమ్మతులు చేస్తున్నారు. ల్యాబులో పని పలచబడి, ఫ్యాను కింద కూర్చుని పేపరు చదవడానికి వీలు చిక్కే రోజులవి.

చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టు పనేమిటని బంధువుల పెళ్ళిళ్ళలో చాలామంది అడిగారు. చక్కెరను చక్కెరగా ఉంచడమే మా పని. చెరకు రసం పుట్టుకతోనే కొంచెం పుల్లన. ఆ పులుపుకు వేడి తోడైతే చక్కెర విరిగి రెండు వేరే చక్కెరలవుతుంది. అవి ఇక గింజ కట్టవు, సంచికెక్కవు, గింజ తీశాక మిగిలే మొలాసిస్‌లో కలిసిపోతాయి. దీన్ని ఇన్వర్షన్ అంటారు. మామూలు చక్కెర నీళ్ళలోంచి పంపిన వెలుగు కుడివైపు తిరుగుతుంది. విరిగిన చక్కెరలోంచి పంపితే ఎడమకు తిరుగుతుంది. పేరు అందుకే వచ్చింది. అది జరగకుండా రసంలో సున్నపు పాలు కలిపి పులుపు చంపుతాం. పీహెచ్ ఏడు దగ్గర నిలవాలి. కాస్త దిగిందంటే షిఫ్టు కెమిస్టుకు నా నుంచి సంజాయిషీ నోటీసు వెళ్ళేది. నన్ను వెనకాల "సున్నం సారు" అనేవాళ్ళు. నాకు తెలియదనుకునేవాళ్ళు, పాపం.

ఆ వేసవిలో ఒకరోజు నాగమణి వచ్చింది. కప్పగల్లు దగ్గర వరి పండించే ఆంధ్రా రైతుల ఇంటి పిల్ల. తాతల నాడు గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. డిగ్రీ చదివేటప్పుడు మా ల్యాబులోనే శిక్షణ పొందింది. తరువాత బెంగుళూరులో బీరు తయారీ నేర్చుకుని, బళ్ళారి బైపాస్ మీద ఒక హోటల్లో బ్రూవరుగా చేరింది. హోటల్లోనే బీరు కాచి అక్కడే అమ్ముకునే లైసెన్సు ఆ యజమానికి ఉంది. ఇంట్లో వాళ్ళు మాత్రం బంధువులతో అమ్మాయి జ్యూసుల కంపెనీలో చేస్తోందని చెప్పుకునేవాళ్ళు.

ఆమె కష్టం ఇది. అందరూ అమ్మే బీరే అమ్మితే హోటలుకు గుర్తింపు రాదని ఇంగ్లాండు పద్ధతి ఏల్ కాస్తానని యజమానిని ఒప్పించింది. ఏల్ అంటే మరీ చల్లగా కాకుండా, ఇంచుమించు గది వేడిలో పులియబెట్టే బీరు. అందులో ఒక రకాన్ని బిట్టర్ అంటారట. పేరు చేదు, అడిగేది మాత్రం పాకం. మొలకెత్తించిన బార్లీతో పాటు ఒకరకం చక్కెర పాకం పోస్తేనే బీరు తేలికై, ఎండు ఖర్జూరం లాంటి వాసన పడుతుంది. ఆ పాకం డబ్బాల్లో ఇంగ్లాండు నుంచి రావాలి. బెంగుళూరులో తెప్పించే కొట్టువాడు తెప్పించడం మానేశాడు.

"ఆ డబ్బా యాడా సిగడంల్యా సార్. బేకరీవాళ్ళ గ్లూకోజు ఏసి చూసినా, నీళ్ళ మాదిరి ఉండాది. బెల్లం ఏస్తే ఉప్పగా వచ్చిండాది" అంది.

ఉప్పగా రాక ఏమవుతుంది? కాలువ నీళ్ళు పారీ పారీ చవుడు తేలిన నేలల్లో పండిన చెరకు అది. మా వైపు బెల్లం నాలుకకు తెలియని ఉప్పును మోస్తుంది. తీపంతా పులిసిపోయిన బీరులో దాక్కోవడానికి దానికి చోటు దొరకలేదు. ఆ ట్యాంకెడు బీరూ మురుగు కాలువలో పోసేశారు.

యజమాని బజారులో తరతరాలుగా వ్యాపారం చేసిన ఇంటి సెట్టిగారు. చుక్క ముట్టడు. ఇంకొక్క ట్యాంకు చూస్తాననీ, అదీ కుదరకపోతే ట్యాంకులు పీకించి సీసా బీరే అమ్ముకుంటాననీ చెప్పేశాడు. సీసా బీరు అమ్మే చోట బ్రూవరుకు పనేముంది? బీరు కాచాల్సిన రోజు కూడా ఆయనే ఖాయం చేశాడు.

"అదీ పోతే నేను యాడికి పోవల్ల సార్? జ్యూసుల కంపెనీ మూసేసినారని చెప్పల్లా?" అని నవ్వింది. కళ్ళు మాత్రం నవ్వలేదు. నాకు ఆ పిల్ల మీద జాలి కలిగింది. జాలి కంటే ముందు నవ్వు వచ్చిందని కూడా చెప్పాలి. ఎందుకంటే ఆమె వెతుకుతున్న ఆ దొరకని పాకం మరేదో కాదు, ఇన్వర్ట్ చక్కెరే. సర్వీసంతా దొంగను తరిమినట్టు తరిమినదాన్ని ఒక కుండెడు చేసిపెట్టమని అడుగుతోంది.

ఇంట్లో బీరు కాయడానికి ఎక్సైజు వాళ్ళు ఒప్పుకోరు కానీ, పాకం కాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫ్యాక్టరీ ల్యాబు వాడుకోవడానికి మాత్రం జనరల్ మేనేజరును అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీరేనా అడిగేది?" అన్నాడు, కానీ సరేనన్నాడు. తెల్లగా శుద్ధి చేయని గోధుమ రంగు రా షుగర్ నాగమణి మా అమ్మకాల కౌంటరులోనే కొనుక్కుంది. అది సీజను చివరి సరుకు. ఆమెకు దొరికింది ఆ ఒక్క సంచే.

పద్ధతి సులువు. చక్కెరను నీళ్ళలో కరిగించి, చిటికెడు నిమ్మ ఉప్పు వేసి, నీళ్ళు మరిగే వేడికి కాస్త పైన నిలిపి ఉంచాలి. పాకం గడ్డకట్టకుండా ఇళ్ళలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండేది కూడా ఇందుకే. ల్యాబులో నమూనాలు వండే పెద్ద ఆవిరి గిన్నెలో సంచి మొత్తం కరిగించి నేనే దగ్గరుండి కాచాను. పోలారిమీటరులో చూస్తే వెలుగు ఎడమకు తిరిగింది. సీజనులో ఆ రీడింగు చూస్తే నాకు రక్తపోటు వచ్చేది. ఆ రోజు మాత్రం పిల్లాడికి ఫస్టు క్లాసు వచ్చినంత సంబరపడ్డాను.

నాగమణి వేలితో తీసి నాకింది. "తియ్యగుండాది సార్, అంతే" అంది. చెప్పుకోదగ్గ రంగు లేదు, వాసన లేదు. ఇంగ్లాండు పాకం ఖర్జూరం రంగులో ఉంటుందట. రంగు అనగానే నాకు ఒళ్ళు మండింది. ఇన్వర్షన్ తరువాత మాకు రెండో శత్రువు రంగే. అయినా మాట ఇచ్చాను కదా. ఆవిరి సన్నగా పెట్టి, రాత్రంతా వేడిలో ఉంటే కొంచెమైనా ఎర్రబడుతుందని గిన్నెను అలాగే వదిలి ఇంటికి వెళ్ళాను. తెల్లవారితే ఆమె బీరు కాచే రోజు.

పొద్దున వచ్చేసరికి గిన్నెలో పాకం ముదురు ఎరుపులో ఉంది. అడుగున తెల్లటి మడ్డి. పక్కనే మా ల్యాబ్ అటెండరు మౌలాలి, మంచి పని చేసినవాడి ముఖంతో నిలబడి ఉన్నాడు. ఎన్నో సీజన్లు నాతో పనిచేసిన మనిషి.

"రాత్రి షిఫ్టులో సూసినా సార్. పాకం హుళి ఎక్కిండాది. పీహెచ్ నాలుగున్నర! ఎవురో మరిసిపోయి పోయినారని సున్నపు పాలు ఏసి సరి చేసినా" అన్నాడు. హుళి అంటే కన్నడంలో పులుపు. మా ల్యాబులో అందరికీ అదే మాట.

తోక తొక్కిన తాచులా లేచాను. "ఏందప్పా మౌలాలీ, ఎవర్ని అడిగి ఏసినావు?" అని అరిచాను. అతడు బిత్తరపోయి, "పులిసింది కనపడితే అడగొద్దు, ముందు సున్నం ఎయ్యి అన్నది మీరే గదా సార్" అన్నాడు. అది నా మాటే. నేను చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషిని ఏమని తిట్టను?

ఇన్వర్ట్ చక్కెరకు సున్నం తగిలి, దాని మీద వేడి తగిలితే ఎర్రబడుతుంది. అది ప్రతి కెమిస్టుకూ తెలిసిన పాఠమే. మాకు అది తప్పుల పట్టికలోని పాఠం కాబట్టి, అవసరానికి వాడుకోవచ్చని నా బుర్రకు తట్టలేదు. అప్పటికి నాకు తోచింది ఒక్కటే, సంచెడు చక్కెర చెడింది, ఈ పిల్ల ఉద్యోగం పోయింది. గిన్నె బోర్లించమని చెప్పబోతుండగా నాగమణి వచ్చింది. ముఖం చూస్తూనే ఏదో అయిందని గ్రహించి, అడగకుండానే గిన్నెలో గరిటె ముంచి వాసన చూసింది. తరువాత నాలుక మీద వేసుకుంది. మళ్ళీ గరిటె ముంచింది.

"సార్, ఇదే" అంది. "ఇదే సార్ ఆ డబ్బాలోది."

కాగల కార్యం గంధర్వులే తీర్చారంటారు. మా ల్యాబులో గంధర్వుడు ఖాకీ చొక్కా వేసుకుని, ఇంకా భయంభయంగా నా వైపే చూస్తున్నాడు. మడ్డి తేరనిచ్చి, పాకాన్ని గుడ్డలో వడకట్టి, పీహెచ్ మళ్ళీ చూసి క్యాన్లకు పోశాం. మౌలాలే వాటిని ఆటోలో ఎక్కించాడు. అది దేనికోసమో అప్పుడు చెప్పాను. "బీరుకా సార్! తోబా!" అని చెంపలు వేసుకున్నాడు. క్యాన్లు దొర్లకుండా తాడు మాత్రం తానే గట్టిగా బిగించాడు.

బీరు పులిసి తేరుకున్నాక ఒక సాయంత్రం హోటల్లో దాన్ని మొదటిసారి పోశారు. రమ్మంటే వెళ్ళాను. నేనూ తాగను. నిమ్మ సోడా పెట్టుకుని ఒక మూల కూర్చున్నాను. కౌంటరులో సెట్టిగారు. రుచి చూడకుండా ఎలా తేలుస్తారని అడిగితే ఆయన, "నాకు రుచి యాడ తెలుస్తాది సార్? రెండో గ్లాసు అడిగినారా లేదా, అంతే నా లెక్క" అన్నాడు. నాగమణి ట్యాంకుల గది అద్దం వెనక నిలబడి, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది.

మొదటి టేబులు వాళ్ళు తలా ఒకటి తాగి, లేచి వెళ్ళిపోయారు. సెట్టిగారు నా వైపు చూశాడు. నేను సోడా వైపు చూశాను. రెండో టేబులులో జీన్స్ వాషింగ్ యూనిట్లు నడిపే ముగ్గురు కూర్చున్నారు. వాళ్ళు గ్లాసులు ఖాళీ చేసి, ఏవో లోడు మాటలు మాట్లాడుకుంటూ ఉండిపోయారు. ఎంతసేపటికీ చెయ్యెత్తరు. ఎన్నడూ బీరు ముట్టనివాణ్ణి, వాళ్ళు ఇంకొకటి తాగాలని మనసులో మొక్కుకున్నాను. చివరికి వాళ్ళలో పెద్దాయన వెయిటరును పిలిచి, ముగ్గురికీ ఇంకోసారి తెమ్మన్నాడు.

సెట్టిగారు మెచ్చుకోలేదు, నవ్వలేదు. అద్దం వైపు తిరిగి, "ఏమ్మా నాగమణీ, వచ్చే ట్యాంకుకు పాకం ఉండాదా?" అని కేకేశాడు. ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. తలూపి, వెంటనే వెనక్కి తిరిగి నిలబడింది. కొంతసేపు ఇటు తిరగలేదు.

తరువాత ఆ పాకం తానే కాచుకోవడం నేర్చుకుంది. ఎంత సున్నం, ఎంతసేపు వేడి అన్నది మౌలాలి, నేను కలిసి కొలిచి చెప్పాం. ఈసారి పీహెచ్ ఎంత ఉండాలో, ఎందుకు ఉండాలో అతనికి ముందే చెప్పాను.

ఈ సంగతి నాకు నేర్పింది ఇంతే. ఇన్వర్షన్ నష్టమని నేను చెప్పిన పాఠం తప్పు కాదు. చక్కెర సంచులు నింపే ఫ్యాక్టరీకి అది ఇప్పటికీ నష్టమే. అయితే నష్టమన్నది పదార్థంలో ఉండే గుణమని నేననుకున్నాను. అది దేనికి వాడతామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇప్పటికీ అప్పుడప్పుడు కొత్త కెమిస్టులు ఫోన్ చేసి, ఫలానా నమూనా బాగుందా, చెడిందా అని అడుగుతుంటారు. రీడింగు తరువాత అడుగుతాను. ముందు, అది ఎవరికి కావాలని అడుగుతాను.