కోసినా తెగని మడత

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు విసుగు. మా గదిలో ఎవరైనా మొదలుపెడితే దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాణ్ణి. ఇప్పటికీ అంతే. నాకు ఎదురైన దానికి దయ్యం అనే పేరు కూడా సరిపోదు. నేను చూసింది ఒక కాగితం మడత, అంతే.

మాది జగిత్యాల వైపు. కువైట్‌లో ఒక ఆఫీసులో పాత కాగితాలు స్కాన్ చేసేవాణ్ణి. రుమైథియాలో ఒక పెద్దింటివాళ్లు తమ దగ్గరున్న పాత చైనా పుస్తకాలను ఫొటోలు తీయించాలనుకుని నన్ను పిలిచారు. ఆ ఇంటి తాత ఎప్పుడో వ్యాపారం మీద వెళ్లినప్పుడు తెచ్చుకున్న పుస్తకాలు. కొన్నిటికి వేరే ప్రతి ఎక్కడా లేదట. కాగితం ఎలాగూ పోతుంది, ఫొటోలైనా మిగిలితే ఎక్కడెక్కడి పండితులో చదువుకుంటారని ఇంటావిడ పట్టుదల. అక్కడ యజమానురాలిని పిలిచే తీరులో ఆవిణ్ణి అందరం మామా అనేవాళ్లం.

ఇంటి కింద సర్దాబులో, అంటే నేలమాళిగలో, కెమెరా, లైట్లు, పేజీని అణిచిపెట్టే గాజు పలక. ఫొటోలు తీయడం నా పని. కరుణమ్మక్క మెత్తటి కుంచెతో దుమ్ము తుడిచి పుస్తకం నాకు అందించేది. నా పని అయ్యాక మళ్లీ గుడ్డపెట్టెలో సర్దేది. ఆమెది నరసాపురం దగ్గర. ఆ ఇంట్లోనే పనిమనిషి, ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు కూడా ఆ ఇంటి మీదే. ఊళ్లో కూతురు నర్సింగ్ చదువుతోంది. ఆ చదువు నడిచేది ఈమె జీతంతోనే.

"ఒక్క ముక్క చదవడం రాదు, రోజంతా దాని మొకమే చూత్తావు. మా మరదలికి ఫోన్ చేసి ఎన్నాళ్లయింది తమ్ముడూ?" అని ఏడిపించేది.

"గీ మిషన్ పని నీకేం తెల్సక్కా" అనేవాణ్ణి. నవ్వుతూనే అన్నా, అందులో గర్వం ఉండేది.

మొదట్లో ఒక నిపుణుడు వీడియో కాల్‌లో ఆ పుస్తకాల తీరు వివరించాడు. ఆయన ఇంగ్లిష్ నాకు సగమే అర్థమైంది. అడిగితే చులకనైపోతానని అన్నీ తెలిసినట్టు తలూపాను.

ఒక పుస్తకంలో ప్రతి ఆకూ బయటి అంచున అతుక్కుని ఉన్నట్టు కనిపించింది. మా బడిలో ఇచ్చే కొత్త పుస్తకాల్లో అప్పుడప్పుడు రెండు పేజీలు అంచున కలిసి వచ్చేవి. స్కేలు పెట్టి విడదీసుకునేవాళ్లం. ఇదీ అలాంటిదేననుకున్నాను. లోపల ఇంకా అచ్చు ఉంటుంది, అది ఫొటోల్లోకి రాకుండా పోతుందని చాకుతో కోశాను. లోపల ఖాళీ. తర్వాతి దాంట్లో ఉంటుందేమోనని అదీ కోశాను. అలా కోస్తూ పోయాక తెలిసింది. వాళ్లు కాగితానికి ఒక పక్కే అచ్చువేసి, ఖాళీ వైపు లోపలికి పోయేలా మడిచి కుడతారు. పుస్తకం పేరు, ఆకు అంకె సరిగ్గా ఆ మడత మీదే ఉంటాయి. నేను ఆ అక్షరాల నడుమ నుంచే కోసుకుంటూ వచ్చాను.

అక్క అప్పుడు పైన వంటింట్లో ఉంది. కోసిన అంచులు ఒకదానికొకటి ఆనించి, గాజు పలక కింద పెట్టి ఫొటోలు తీసేశాను. అవి సరిగ్గా వచ్చాయో లేదో చూడలేదు. చూసే ధైర్యం లేదు. పుస్తకం మూసి ఇస్తే అక్క తెరవకుండానే పెట్టెలో సర్దేసింది.

కొన్నాళ్లకు మామా ఆ పెట్టె తెరిచింది. మా ఇద్దరినీ పిలిచి ఎవరు చేశారని అడిగింది. నేను నేల చూశాను. అప్పటికి ఫొటోలు ఇంకా ఎవరూ తెరవలేదు. చెప్పాల్సింది ఆ క్షణంలోనే.

మామా కంప్యూటర్ ముందు కూర్చుంది. నా పని అయిపోయిందనుకున్నాను. మొదటి ఫొటో తెరిచింది. అంచు గుండ్రంగా, ఒకే ముక్కగా ఉంది. అక్షరాలు మడత మీదుగా తిరిగి అవతలికి వెళ్తున్నాయి. పెద్దది చేసి చూసింది. గాటు లేదు, పోగు లేచిన జాడ లేదు. నేను కోసిన ప్రతి ఆకూ అలాగే ఉంది.

నాకు ముందు కలిగింది భయం కాదు, ఊరట. నేను సిగ్గుపడేది అందుకే.

ఫొటోల తర్వాత పుస్తకం ముట్టుకున్నది అక్క ఒక్కతే. "నేను కాదు మామా, యేసయ్య తోడు" అని ఏడ్చింది. మామా చేతులు దులిపేసి "ఖలాస్" అంది. అక్కను ఊరికి పంపేయడానికి టికెట్ తీయమని డ్రైవర్‌కు చెప్పింది.

మర్నాడు వెళ్లి నేనే కోశానని చెప్పాను. మామా నమ్మలేదు. తనకు వచ్చిన కాస్త హిందీలో "కెమెరా జూఠ్ నై బోల్తా" అంది, కెమెరా అబద్ధం చెప్పదని. ఆమె ముందే అదే ఆకును మళ్లీ ఫొటో తీసి చూపించాను. ఈసారి గాటు స్పష్టంగా కనిపించింది. "చూశావా, నువ్వు తీసినప్పుడు బాగుంది, తర్వాత తెగింది" అంది. నేను మిస్కీన్‌ని, అంటే పాపం అమాయకుణ్ణి, మంచివాణ్ణి, నా దేశపు మనిషి కోసం నింద నెత్తిన వేసుకుంటున్నానని మెచ్చుకుంది.

కెమెరాలోని అసలు ఫైళ్లు వెతికాను. వాటిలోనూ మడత చెక్కుచెదరలేదు. కోయకముందు ఆ పుస్తకాన్ని నేను ఒక్క ఫొటో కూడా తీయలేదు. ఆ ఇంట్లో దానికి రెండో ప్రతీ లేదు. పని తెలిసినవాళ్లను అడిగాను, ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. నాకూ ఇప్పటికీ తెలియదు.

అక్క సూట్‌కేసుతో గుమ్మం దగ్గర నిలబడినప్పుడు ఆమెకూ నిజం చెప్పాను.

"ఊరుకో తమ్ముడూ. ఆ ఫొటోలు నేనూ చూశాను కదా. నా కోసం అబద్ధమాడావని మామా చెప్పిందిలే. సొంత తమ్ముడైనా ఇలా చెయ్యడు" అని నా తల మీద చెయ్యి పెట్టింది.

తర్వాత ఫోన్‌లోనూ చెప్పి చూశాను. నవ్వేస్తుంది. కూతురి చదువు ఆగిపోయిందట. దాని గురించి ఒక్క మాట నిష్ఠూరమాడదు. ప్రతి ఆదివారం వాళ్ల చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు, మేలు చేసినవాడని నా పేరు చెప్పిస్తోందట.