గిటార్ అంచున తెల్ల టేపు

నా చిన్నప్పుడు మనుషులు ఒకరికొకరు దూరంగా నిలబడటమే మర్యాద అనిపించుకున్న కాలం ఒకటి వచ్చింది. కరోనా రోజులు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. డబ్లిన్‌కు దక్షిణాన చెర్రీవుడ్‌లో, మూడో అంతస్తులో అద్దెకు ఉండేవాళ్లం. అమ్మ డాక్టరు కాబట్టి రోజూ ఆసుపత్రికి వెళ్లాల్సిందే. నాన్నది సాఫ్ట్‌వేర్, ఆయనకు డైనింగ్ టేబుల్ దాటే పని లేదు. కొన్న పాల డబ్బాను కూడా శానిటైజర్‌తో తుడిచి గానీ ఫ్రిజ్‌లో పెట్టని ఇల్లు మాది. అరవై దాటిన వయసులో ఈ మాటలు చెబుతుంటే మా మనవరాలు నేను కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నానని అనుమానపడుతుంది. పడనీ.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. స్కాట్లాండ్ మనిషి, ఒకప్పుడు రాక్ బ్యాండ్‌లో పాడుతూ గిటార్ వాయించినవారు. పేరు పెట్టి పిలవమని ఆయన, పెద్దవాళ్లను పేరు పెట్టి పిలిస్తే ఊరుకోనని అమ్మ. మధ్యలో నేను ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఆయన పక్కింటి తాత.

మా బాల్కనీకీ ఆయన బాల్కనీకీ మధ్య ఒక గాజు పలక ఉండేది. స్కూళ్లు మూసిన వేసవంతా ఆ పలకకు అటు ఆయన, ఇటు నేను. ఆయన కథలన్నీ అలాగే విన్నాను. గ్లాస్గోలో ఓడలు కట్టే రేవు పక్కన పుట్టారట. పదహారో ఏట తమ్ముడితో కలిసి బ్యాండు పెట్టారు. ఈయనది పాట, గిటారు, తమ్ముడిది డ్రమ్స్. పాత వ్యాను ఒకటి కొని, అందులోనే తిని, అందులోనే పడుకుని, యూరప్ అంతా తిరిగారు. ఒకే ఒక్క పాట రేడియోలో మోగింది, ఒక ఎండాకాలం పాటు అందరి నోళ్లలో ఆడింది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన నవ్వేవారు గానీ, ఆ నవ్వులో నవ్వాల్సినదేమిటో నాకు అర్థమయ్యేది కాదు. తమ్ముడు పోయాక, ఐర్లాండ్ అమ్మాయిని పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చేశారు. పబ్బుల్లో పాడుతూ బతికారు. ఆ భార్య కూడా పోయింది. ఇప్పుడు పబ్బులు కూడా మూతపడ్డాయి.

ఆయన సామాను గురించి చెప్పాలంటే నాకిప్పటికీ ఉత్సాహమే. ఆంప్లిఫయర్ వెనకాల గాజు గొట్టాలు ఉండేవి. స్విచ్ వేయగానే పలికేది కాదు. ఆ గొట్టాలు మెల్లగా నారింజ రంగుకు తిరిగేదాకా ఆగాలి. కాలితో నొక్కే పెడల్స్ మూడు. ఒకటి గిటార్ గొంతు బొంగురు చేసేది, ఒకటి బావిలోంచి పలికించేది, మూడోది వణికించేది. ఇక గిటారు మీగడ రంగుది. మోచెయ్యి ఆనే చోట రంగంతా పోయి చెక్క బయటపడింది. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ఆ సామానంతా బాల్కనీలో పెట్టుకుని పాడేవారు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్లు కుర్చీలు బయటికి లాక్కుని వినేవారు. ఏడు పాటలు, ఎప్పుడూ అదే వరస, చివర్న గోల గోలగా ఒకటి. నేను ఆ గోలకు చెవులు మూసుకునేదాన్ని తప్ప వరసను పట్టించుకోలేదు.

దసరా ముందు ఆయనకు కరోనా సోకింది. అంబులెన్సులో ఎక్కబోయే ముందు, ఆయాసపడుతూనే గిటార్ పెట్టెను మా గుమ్మం దగ్గర పెట్టారు. ఇంట్లో హీటింగ్ ఆపేస్తే చలికీ తేమకీ దాని మెడ వంగిపోతుందట. దూరంగా నిలబడి నాన్నతో ఏదో చెప్పి వెళ్లారు. నాన్న ఆ పెట్టెను వైరస్ భయానికి మూడు రోజులు గుమ్మం లోపల ఎవరూ ముట్టకుండా ఉంచి, తర్వాత అలమారా పైన పెట్టాడు. ఆయన వెళుతూ ఏం చెప్పారో నాకు చెప్పడం మాత్రం మర్చిపోయాడు.

ఆయుధ పూజకు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరి పనిముట్టు వాళ్లే శుభ్రం చేసుకుని, పసుపు కుంకుమ పెట్టి దేవుడి ముందు ఉంచాలి. నాన్న లాప్‌టాప్, అమ్మ స్టెతస్కోపు, స్కూల్లో హాకీ లాంటి ఐరిష్ ఆటకు నేను వాడే హర్లీ కర్ర. అమ్మ ఆ పొద్దున ఇల్లు తుడుస్తూ ఒక మాట అంది. పని చేసుకునే వస్తువుకి పూజ చేస్తే, ఆ పని చేసే చెయ్యి చల్లగా ఉంటుందని. అది విన్నాక నాకు కుదురు లేదు. పక్కింటి తాత ఆక్సిజన్ మీద ఉన్నారని ముందు రోజే విన్నాను. ఆయన గిటారు మా ఇంట్లోనే ఉంది, శుభ్రం చేసుకోవడానికి ఆయన లేరు. ఆ పని ఇంకెవరు చేస్తారు?

కుర్చీ వేసుకుని పెట్టె దించాను. గిటారంతా తడిగుడ్డతో తుడిచాను. పై అంచున, వాయించేవాళ్లకు తల వంచితే కనబడే చోట, అట్టలు కట్టిన ఒక టేపు ముక్క అంటుకుని ఉంది. ఎప్పుడో తెల్లగా ఉండి ఉంటుంది. మీద ఏవో చిన్న చిన్న అక్షరాలు. గోటితో గీకితే రాలేదు. కొబ్బరినూనె రాసి నానబెట్టి, చెంచా అంచుతో గీకాను. ఎంత శుభ్రంగా చేస్తే ఆయన అంత తొందరగా లేచి వస్తారన్నది నా లెక్క. అందుకని జిగురు ఆనవాలు కూడా మిగలనివ్వలేదు. ఆ చోటే పసుపు రాసి మూడు బొట్లు పెట్టాను.

పూజలో లాప్‌టాప్ పెట్టడానికి వంగిన నాన్న అలాగే ఆగిపోయాడు. వంటింట్లోకి వెళ్లి చెత్తబుట్టలో వెతికాడు. నూనె కాగితంలో చుట్టుకుపోయిన టేపును పైకి తీసి బల్ల మీద సాగదీశాడు. అక్షరాలన్నీ నీలంగా కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

"ఇది వాళ్ల తమ్ముడి రైటింగ్ రా" అన్నాడు. "లాస్ట్ షోకి పాటల ఆర్డర్ రాసి అంటించాడంట. ఆ తర్వాత నెలకే పోయాడు. టేప్ జాగ్రత్త అన్నది ఒక్కటే ఆయన చెప్పింది. నీకు చెప్పాల్సింది నేనే."

అమ్మ పండగ పూట పిల్లని ఏమీ అనొద్దంది. నాన్న ఏమీ అనలేదనే అన్నాడు. ఆయనకు ఫోన్ చేసి చెబుదామని నాన్న, ఊపిరందని మనిషికి ఇప్పుడే చెబుతామా అని అమ్మ. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు అయిందని నాన్న గొణిగాడు. ఇంతలో హారతి వేళయిందని ఇద్దరూ నా చేత గంట కొట్టించారు. ఆ గిటారుకు కూడా హారతి ఇచ్చారు. నేను చేసింది పుణ్యమో పాపమో ఒక్కరూ తేల్చి చెప్పలేదు. పాపమైతే హారతి ఎందుకు, పుణ్యమైతే నాన్న ముఖం ఎందుకలా ఉంది? ఏడవాలో వద్దో తెలియక ప్రసాదం తిన్నాను.

మూడు వారాలకు ఆయన తిరిగొచ్చారు. సగం మనిషి అయిపోయారు, గొంతు కీచుగా మారింది. నాన్న గిటారు పెట్టెను రెండు గుమ్మాల మధ్య వసారాలో పెట్టి వెనక్కి జరిగాడు. నాన్న నోరు తెరిచేలోపే నేను మాస్కులోంచి గబగబా అనేశాను, పూజ కోసం నేనే శుభ్రం చేశానని, టేపు నేనే తీసేశానని. చేసిన పాపం చెబితే పోతుందంటారు కదా.

ఆయన పెట్టె తెరిచారు. బొటనవేలితో ఆ అంచు పొడవునా రుద్దారు, రెండుసార్లు. పసుపు వేలికి అంటుకుంది. నావైపు చూసి "గ్రాండ్, నువ్వేం బాధపడకు" అన్నారు. ఐర్లాండ్‌లో కాలు విరిగినవాడు కూడా ముందు గ్రాండ్, అంటే అంతా బాగుంది అనే అంటాడు, ఆ సంగతి నాకూ తెలుసు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. మూడు రోజులు ఆ ఇంట్లోంచి చప్పుడు లేదు. అమ్మ పులిహోర డబ్బా ఆయన గుమ్మంలో పెడితే సాయంత్రానికి కడిగిన డబ్బా మా గుమ్మంలో ఉంది. అంతకు మించి ఏమీ లేదు. బాల్కనీలోకి కూడా రాలేదు. ఏం బాధపడకన్న మనిషి ఎందుకు కనబడటం లేదో నాకు అంతుపట్టలేదు.

నాలుగో రోజు తలుపు కొట్టారు. తీసేసరికి లిఫ్టు దగ్గర, దూరంగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్లో గిటారు. పసుపు కుంకుమ తుడిచేసి ఉన్నాయి. అది చూసి మనసు చివుక్కుమంది. మా గుమ్మంలో కొత్త తెల్ల టేపు చుట్ట, ఒక నల్ల మార్కరు పెట్టి ఉన్నాయి.

జ్వరం వచ్చిపోయాక తన బుర్ర బాగా లేదని, ఆ పాటల వరస గుర్తు రావడం లేదని అన్నారు. ఆ టేపును ఆఖరున చదివింది నేనేనట. గుర్తున్నంత వరకు చెబుతూ రాసిపెట్టమన్నారు. కరోనా తగ్గినవాళ్లకు మతిమరుపు వస్తోందని అమ్మ కూడా భోజనాల దగ్గర అనేది, కాబట్టి నమ్మాను. నాకు నిజంగా గుర్తున్నవి మొదటి రెండే. తెలియదని చెప్పే ధైర్యం లేక, చెంచా కింద లేచిన అక్షరాలను గుర్తు చేసుకుంటూ, గుర్తు రానిచోట ఊహించుకుంటూ, ఏడూ రాశాను. వాన మీద రాసిన నెమ్మది పాట ఎక్కడ పెట్టాలో తెలియక చివర్న పడేశాను. ఆయన ఒక్కచోట కూడా ఇది కాదనలేదు. నేను టేపు నేల మీద పెట్టి వెనక్కి జరిగాక వచ్చి తీసుకుని, ఆ అంచునే అంటించుకున్నారు.

ఆ ఆదివారం చలికి బాల్కనీ తలుపు మాత్రం తీసి, లోపల కుర్చీలో కూర్చుని పాడారు. ప్రతి పాటకూ ముందు తల వంచి నా టేపు చూసుకున్నారు. మూడో పాట దగ్గర చెయ్యి ఏదో మొదలుపెట్టి చటుక్కున ఆగింది. మళ్లీ టేపు చూసి వేరే పాట ఎత్తుకున్నారు. పాపం నిజంగానే మర్చిపోయారు, నేను లేకపోతే ఏమయ్యేవారో అనుకున్నాను. చివర్న గోల పాట కోసం చూస్తున్న జనానికి వాన పాట వచ్చింది. అయిపోయిందో లేదో తెలియక అందరూ ఆలస్యంగా చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగా ఉంది. చెడగొట్టినదాన్ని నేనే బాగుచేశానని రాత్రి అమ్మకు మళ్లీ మళ్లీ చెప్పాను.

ఆయన ఇంకో రెండేళ్లు బతికారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, మెయ్‌నూత్ యూనివర్సిటీలో చదువుకోవడానికి నేను పెట్టె సర్దుకుంటుంటే, మాటల్లో ఆ టేపు ప్రసక్తి వచ్చింది. అప్పుడు చెప్పాడు నాన్న. ఆ వరస ఆయన ఏనాడూ మర్చిపోలేదట. నేను రాసినదాంట్లో సరైన చోట ఉన్నవి మొదటి రెండు పాటలేనట. ఒకసారి లిఫ్టు దగ్గర నాన్న ఉండబట్టలేక అడిగితే, పిల్ల చేతికి ఏదో ఒక పని ఇవ్వకపోతే ఆ గిటారును చూసినప్పుడల్లా దొంగలా తప్పుకుని తిరుగుతుంది, అందుకే అలా చేశానన్నారట.

"అయితే మా పిల్లని క్షమించేసినట్టే కదా అన్నాను" అన్నాడు నాన్న. "ఇంకా లేదు, ట్రై చేస్తున్నా అన్నాడమ్మా ఆయన."

ఆ మాట విని పెట్టె సర్దడం ఆపేశాను. అప్పటిదాకా నాకు తెలిసింది వేరు. ముందు కోపం పోవాలి, మనసు మెత్తబడాలి, ఆ తర్వాతే మంచితనం. ఆయన దాన్ని తిరగేశారు. బతుకులో నాకు కూడా నా వస్తువులు, నా నమ్మకాలు పాడుచేసినవాళ్లు తగిలారు. క్షమించడం నాకు చేతకాని రోజులే ఎక్కువ. అయినా కోపాన్ని దాని పాటికి దాన్ని ఉండనిచ్చి, ఎదుటివాళ్లకు ముఖం చెల్లే దారి ఒకటి చూడటం నేర్చుకున్నాను. అది ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయన చివరికి నన్ను క్షమించారో లేదో తెలియదు, నాన్న మళ్లీ అడగలేదు. నా మీద కోపం ఉన్న ఒక మనిషి రెండేళ్లపాటు, ప్రతి ఆదివారం, నా తప్పుల వరసలోనే పాడారని మాత్రం తెలుసు.