మగ్గం గుంటలో మామిడి వాసన

మా మగ్గం ఇంట్లో నిప్పు వెలిగించకూడదు. తాత కాలం నుంచి ఉన్న కట్టుబాటు అది. పట్టు మీద ఒక్క రవ్వ పడితే నెల కష్టం బుగ్గి అవుతుందని, ఎంత పెద్ద చుట్టమైనా సరే, బీడీ తాగాలంటే బయటికి పోవాల్సిందే. మా బాపుకూ అదే నియమం. కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంటలోంచి రెండు చేతులూ ఆనించి పైకి లేచి, చెప్పులు వేసుకుని, వాకిలి దాటి, వేపచెట్టు కింద బండ మీద కూర్చుని తాగి వచ్చేవాడు. రోజుకు ఆరేడు సార్లు. వెళ్లిన ప్రతిసారీ పక్కింటాయనతో నాలుగు ముచ్చట్లు, ఓ చెంబెడు నీళ్లు.

అది చూస్తే నాకు ఒళ్లు మండేది. భువనగిరి దగ్గర ఊళ్లో మాది ఇక్కత్ చీరలు నేసే ఇల్లు. అమ్మ దారం సిద్ధం చేస్తుంది, బాపు నేస్తాడు. నేను డిగ్రీ అయ్యాక బస్టాండు దగ్గర ఒక ఫోన్ల దుకాణంలో కుదిరాను. చీరలు తీసుకునే షావుకారితో మాట్లాడే పని కూడా నాదే. చీర మగ్గం మీంచి ఎప్పుడు దిగుతుందని ఆయన అడిగినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పాలి. "మీ బాపు మగ్గం మీద కంటే చెట్టు కిందనే ఎక్కువ ఉంటడట గద," అని ఒకసారి నవ్వాడు. ఆ నవ్వు నాకు రెండు రోజులు అరగలేదు.

మా దుకాణంలో కౌంటర్ కింద, పాత ఛార్జర్ల డబ్బాలో కరెంటు సిగరెట్లు ఉండేవి. పెన్నులాగా ఉండి, ఛార్జింగ్ పెట్టుకుని పీల్చేవి. వాటిని అమ్మకూడదని సర్కారు నిషేధించింది. అయినా మా యజమాని తెలిసినవాళ్లకు తీసి ఇచ్చేవాడు. "పొగ గాదు, ఉత్త ఆవిరి. బీడీ మానేటోళ్లకు మందు లెక్క," అని చెప్పడం నాకు నేర్పాడు. కాలేజీ పిల్లలకు ఆ మాట చెప్పీ చెప్పీ నేనే నమ్మాను. నమ్మాననడం కూడా నన్ను నేను వెనకేసుకురావడమే. నాకు కనిపించింది ఒక్కటే. దీంట్లో నిప్పు లేదు, బూడిద లేదు. అంటే బాపు గుంటలోంచి లేవక్కరలేదు.

ఒకరోజు ఒకటి తెచ్చి చేతిలో పెట్టాను. "బాపూ, గిది మగ్గం మీద కూసుండే తాగొచ్చు. ఎవలకు చూపకు, నా కొలువు పోతది."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నిప్పు లేకుంట పొగ ఎట్ల వస్తది బిడ్డా?"

"పొగ గాదు, ఆవిరి. మందు లెక్కనే."

బిడ్డ తెచ్చిందని తాగాడు. వారం తిరక్కుండా బీడీ కట్ట అటకెక్కింది. మా ఇంటాయన బీడీ బంద్ పెట్టిండని అమ్మ వాడంతా చెప్పుకుంది.

బీడీ అయితే కాలి కాలి ఒకచోట అయిపోతుంది. ఇది అయిపోదు. నాలుగు పోగులు నేసి ఒక దమ్ము, అంచు సరిచేసుకుని ఒక దమ్ము. పొద్దున గుంటలో దిగిన మనిషి బువ్వకు తప్ప లేవడం లేదు. మగ్గం ఇంట్లో ఎప్పుడూ ఉండే గంజి వాసన పోయి మామిడిపండు వాసన నిండింది. ఒకటి అయిపోయే సమయానికి నేనే ఇంకోటి తెచ్చేదాన్ని. లోపల ఎంత నికోటిన్ ఉందో, ఇంకేం కలిపారో ఒక్కసారి చదివిన పాపాన పోలేదు. డిగ్రీ చదివినదాన్ని. అప్పుడు మగ్గం మీదున్న చీర అనుకున్నదానికంటే ముందే దిగింది. నేనే షావుకారికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను.

తర్వాతి చీరలో పూలు చెదిరాయి. ఇక్కత్‌లో రంగులు ముందే దారానికి ఎక్కి ఉంటాయి. ప్రతి పోగునూ వేలితో జరిపి, గుర్తుకు గుర్తు కలపాలి. బాపుకు ఎన్నడూ తప్పని పని అది. ఇప్పుడు ఆయన వేళ్లు వణుకుతున్నాయి. "గుండె దడదడ అంటాంది బిడ్డా," అన్నాడు. "కండ్లద్దాలు మార్పిద్దాం," అన్నాను. గుండె దడకూ అద్దాలకూ ఏం సంబంధమో నాకే తెలియాలి.

దగ్గు ముదిరింది. ఒక పొద్దున ఆయన గుంటలోంచి లేవబోయి లేవలేకపోయాడు. నేనూ అమ్మా చెరో రెక్క పట్టుకుని పైకి లాగి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం.

"బీడీ తాగుతవా?" అని అడిగాడు డాక్టరు.

"బంద్ పెట్టి అయిదు నెల్లయింది సారూ," అన్నాడు బాపు, ఆయాసంలోనూ కాస్త గర్వంగా.

"ఇంకేమన్న పీలుస్తున్నవా?"

బాపు నా వైపు చూశాడు. నేను నేలచూపులు చూశాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. కొలువు పోతుందని, పోలీసులు వస్తారని చెప్పలేదు.

"ఏం లేదు సారూ," అన్నాడు.

అయితే మగ్గం దుమ్మే కావచ్చు, నేత మానుకొమ్మన్నాడు డాక్టరు. పన్నెండేళ్లకే గుంటలో దిగిన మనిషి అరుగు మీద మంచంలో కూర్చున్నాడు. మగ్గం మీద అమ్మ పాత చీర కప్పింది. మూడు వారాలు నేను అన్నం తిన్నాను, దుకాణానికి పోయి వచ్చాను, ఏమీ ఎరగనట్టే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం ఆయనకు ఆయాసం ఎక్కువైంది. దిండు కింద చెయ్యిపెట్టి ఆ పెన్ను తీసి గట్టిగా పీల్చాడు. దగ్గు వచ్చింది. మళ్లీ పీల్చాడు.

"ఎందుకు బాపూ, దమ్ము రానప్పుడు గూడ గదే?"

"నువ్వే గద బిడ్డా మందు లెక్క అంటివి," అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన చేతిలోంచి దాన్ని లాక్కుని, ఆ సాయంత్రమే దవాఖానకు వెంటబెట్టుకుని పోయి డాక్టరు బల్ల మీద పెట్టాను. ఎవరు తెచ్చారో, ఎన్ని తెచ్చారో మొత్తం చెప్పాను. ఆయన నన్ను తిడతాడనుకున్నాను, తిట్టలేదు. అది ఆవిరి కాదన్నాడు. నికోటిన్‌తో పాటు వాసన కోసం కలిపే రసాయనాలు సన్నటి తుంపరగా ఊపిరితిత్తుల్లోకి పోతాయని, గుండె దడ, చేతుల వణుకు దాని పనే కావచ్చని చెప్పాడు. ఇన్నేళ్ల బీడీ మీద ఇది వచ్చి పడింది, పోయిన దమ్మంతా తిరిగి రాకపోవచ్చు అన్నాడు. తర్వాత బాపు వైపు తిరిగి, "ఆనాడే ఎందుకు చెప్పలె?" అని అడిగాడు.

"బిడ్డ కొలువు పోతదని సారూ."

నన్ను నాలుగు తన్నినా బాగుండేది.

ఆ కొలువు మర్నాడే మానేశాను. నేను పెన్నులు తీసి ఇచ్చిన పిల్లల్లో ఒక్కరి ముఖమూ గుర్తు లేదు. వెతికి చెబుదామన్నా ఎక్కడని వెతకను.

బాపు బీడీ, పెన్ను రెండూ మానేశాడు. మొదటి నెల కసురుకున్నాడు, నిద్ర లేక తిరిగాడు, చివరికి గెలిచాడు. ఇప్పుడు పొద్దున పూట కొంచెంసేపు నేస్తాడు. గుంటలో దిగడానికి రెండు మెట్లు కట్టించాం. అయినా లేచేటప్పుడు ఒడ్డున కూర్చుని, కాళ్లు గుంటలోనే ఉంచి, దమ్ము వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాత నా భుజం పట్టుకుని వేపచెట్టు కిందికి వస్తాడు. వాకిలి దాటేసరికే చాలా సేపు పడుతుంది.

నిన్న కూడా అట్లాగే ఒడ్డున కూర్చుని, రొప్పుతూనే అడిగాడు. "షావుకారు ఫోన్ చేసిండా?"

పొద్దున్నుంచి రెండుసార్లు చేశాడు.

"చెయ్యలె బాపూ," అన్నాను. "నువ్వు నిమ్మళంగ లే."